తాళం

పోలండ్‌లో, వూచ్ నగరంలో,
మూతపడ్డ మిల్లు ఎర్రగోడకు ఎదురుగా
నాలుగో అంతస్తు వంటగదిలో
మా అన్న జెమోవిట్ కంప్యూటర్ పొట్ట విప్పి కూర్చున్నాడు.
పక్క పలక ఊడదీసి నెల దాటింది.
పిల్లి తల దూర్చకుండా
ఉల్లిపాయల వలసంచి చాపి కట్టాడు.

మొదటిసారి వాడికి తెలిసింది ఒక్కటే, పెంచడం.
నూట ముప్పై మూడును నూట యాభై చేశాడు,
అక్కడితో ఆగక ఇంకో అయిదు.
ప్రాసెసర్ పరిగెత్తింది.
వాడు లేచి రేడియేటర్ మీద వేళ్ళతో దరువేశాడు.

లోపల ఏమవుతోందో గంట దాకా ఎవరికీ తెలియలేదు.
ఆ బోర్డు మీద ఒకటే తాళం, అందరూ దానికే అడుగెయ్యాలి.
మెమరీ, సౌండ్ కార్డు,
ఏ పందేనికీ రానని మూలన తిరుగుతుండే హార్డ్ డిస్కు కూడా.
వాడు తీగ లాగాడు.
డొంకలో అమ్మ ఉంది.
రెండు బేకరీలకు తను రాసే లెక్కలు,
అక్టోబరు మొత్తం, నవంబరు మొత్తం,
అంకెలు పోయి ఖాళీ గళ్ళు మిగిలాయి.

అమ్మ తిట్టలేదు.
బిల్లుల డబ్బా బల్ల మీద బోర్లించి
మొదటినుంచి ఎక్కించింది, పక్కింటి వాళ్ళ కంప్యూటర్లో.
చదివి చెప్పడం నా వంతు.
రై పిండి, ఈస్టు, గసగసాలు, మళ్ళీ రై పిండి.
పన్నెండు రాత్రులు.
వాడు టీ తెచ్చి పెట్టి, పోకుండా అక్కడే నిలబడేవాడు.

అమ్మమ్మ బ్రోనిస్వావా ఒక చెవితోనే వింటుంది,
రెండోదాన్ని మగ్గాల హాలు తీసేసుకుంది.
"అన్నీ ఒకే ఇరుసుకా?" అంది.
వాడు బిక్కమొహం వేశాడు.
కప్పు కింద పొడుగ్గా ఒక ఇనుప ఇరుసు,
దాన్నుంచి దిగే తోలు పట్టీలు,
పట్టీకో మగ్గం, మగ్గానికో మనిషి.
నెలాఖరుకు గుడ్డ తక్కువైతే
మేస్త్రీ ఇరుసు వేగం పెంచేవాడట.
కొత్త మగ్గాలు తట్టుకునేవి.
గోడవారన పాతదాని ముందు ఒటీలియా ఉండేది.
తెగిన నూలు ముడెయ్యడానికి
చెయ్యి లోపలికి పెట్టాల్సిందే.
అంతవరకు చెప్పి
అమ్మమ్మ ఒళ్ళో పడ్డ సూది కోసం వెతుక్కుంది.
ఒటీలియా వేళ్ళ సంగతి మేం అడగలేదు.

ఫిబ్రవరిలో సైకిల్ అమ్మి
ఇంకో బోర్డు తెచ్చాడు, అదీ ఎవరో వాడిందే.
దాని బయోస్‌లో ఒక వరుస ఉంది,
మిగతావాళ్ళ తాళానికి తాళం వేసే వరుస.
ముప్పై మూడు. ఇటు ఎంత పెరిగినా అటు అంతే.
మెమరీ నడక మెమరీకి విడిగా రాశాడు.
ఆ తర్వాతే ప్రాసెసర్ వైపు తిరిగాడు.

రెండంకెలు ఎక్కడం, ఆగడం.
వోల్టేజి చిటికెడు,
పులుసులో ఉప్పు వేసే చేత్తో.
ఎండిన పేస్టు స్పిరిట్‌తో తుడిచి
బియ్యపుగింజంత కొత్తది.
మధ్యమధ్య పవర్ సప్లై మీద అరచెయ్యి ఆనించి
పిల్లాడికి జ్వరం చూసినట్టు చూసేవాడు.
అమ్మ లెక్కలు ముందే రెండు సీడీల్లోకి ఎక్కాయి,
ఒకటి పక్కింటి హోనోరాటా గారి పింగాణీ బీరువాలో.

రెండు వేల మూడు వందల దగ్గర
తొమ్మిది నిమిషాలు నిలిచి, నీలి తెర.
వంద తగ్గించాడు.
రాత్రంతా పరీక్ష. యాభై ఎనిమిది డిగ్రీలు,
ఒక్క తప్పు లేదు.
తెల్లవారుజామున ఇంకో యాభై తగ్గించాడు.
"నిలబడిందిగా, ఎందుకు?" అన్నాను.
"జులై వస్తుంది" అన్నాడు,
కిటికీ మీద మంచు గీకుతూ.

ఏడింటికి అమ్మ కుర్చీ లాక్కుని
జనవరి తెరిచింది.
ఏమన్నా మార్చావా అని అడిగితే
కొంచెమే అన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.
అమ్మమ్మ నెమ్మదిగా వచ్చి
వినే చెవిని వలసంచికి ఆనించింది.
చాలాసేపు అలాగే వంగి ఉంది.
"మరి ఆ మూలనున్నది?" అంది.

అది తన మానాన తను,
పాత నడకలోనే,
గురగురమంటూ తిరుగుతోంది.